దర్పణము సానపట్టిన యిల్లు

కళాకుటుంబములను గూర్చి మాటలాడునపుడు తండ్రి విద్య బిడ్డలకు సంక్రమించిన వైనమునే వర్ణింతుము గాని, ఒక విద్యయందు కుదిరిన సాధన అదే యింట వేఱొక విద్యకు ఊపిరియగుటను మన మంతగా గమనింపము. ఈ తలంపు కలిగినప్పుడెల్ల నా మనస్సు 18వ శతాబ్దమున ఇంగ్లండులోని బాత్ పట్టణమున నివసించిన హెర్షెల్ తోబుట్టువుల యింటికి పోవును.

హానోవర్ సైనికవాద్యబృందమున ఓబో అను సుషిరవాద్యమును వాయించిన ఐజాక్ హెర్షెల్ తన సంతానమునకు సంగీతముతోపాటు చుక్కలను చూచు నభిరుచిని గూడ పంచిపెట్టెను. కుమారుడు విలియం బాత్‌లో ఆర్గన్ వాయించుచు, శిష్యులకు పాఠములు చెప్పుచు జీవించుచుండ, తల్లి యింటిపనికే పరిమితము చేయదలచిన చెల్లెలు కారొలీన్ 1772లో అన్నను చేరి, గాత్రమభ్యసించి, హాండెల్ కృతులను సభలలో పాడునంతటి ప్రజ్ఞ నార్జించెను.

పెద్ద దూరదర్శినుల వెల తనకందనిదగుటచే విలియం రాగి తగరములను కరగించి పోతపోసి, ఆ లోహఫలకమును దర్పణముగా సానపట్ట బూనెను. మెఱుగుపెట్టు చేయి నిలిచినచో తలము చెడునను భయముతో నొకమాఱు 16 గంటలు ఎడతెగక శ్రమించుచుండగా, కారొలీన్ ఆహారమును ముద్దముద్దగా నోటికందించెను. అట్టి వేళలలో అరేబియన్ నైట్స్ కథలను చదివి వినిపించెడిది. చెల్లో వాయించు తమ్ముడు అలెగ్జాండర్ యంత్రభాగములను చేసియిచ్చెను. వీణాసాధన జరుగు నింట పెరిగిన నాకు ఈ ఘట్టము మిక్కిలి ప్రియమైనది: ఒక గమకము చెవికి తృప్తి గొలుపువఱకు తీగను విడువని చేతికే, కంటికి కానరాని వంపును లోహమున తీర్చు నోర్పు సులభముగ నలవడునని నా నమ్మకము.

1781 మార్చి 13న ఇంటి తోటనుండి విలియం యురేనస్ గ్రహమును కనుగొనెను. మఱుసటి యేడు రాజవేతనము లభింపగా సంగీతవృత్తిని విడిచెను. దానితో కారొలీన్ గాత్రజీవితమును ముగిసెను. దీనిని సోదరీప్రేమయని పొగడి యూరకుండుట నాకు సమ్మతము కాదు. లోకమొక గాయనిని కోల్పోయినది. ఆమె రాత్రులయందు అన్న చెప్పిన పరిశీలనలను వ్రాసికొనుచు, పగలు గణించుచు, 1786 మొదలు 1797 వఱకు తాను స్వయముగా ఎనిమిది తోకచుక్కలను కనిపెట్టెను. అన్న గతించిన పిమ్మట మేనల్లుడు జాన్ కొఱకు సుమారు 2,500 నీహారికల పట్టికను కూర్చి, 1828లో ఖగోళశాస్త్రసంఘపు స్వర్ణపతకమందెను.

పాఠకులారా, మీ యింట వాద్యము సాధించువారో, పరిశోధన సాగించువారో యున్నచో, వారికి ప్రతులు వ్రాసిపెట్టి, లెక్కలు సరిచూచిన తోబుట్టువుల పేర్లను గ్రంథపు ముఖపత్రముననే ముద్రింపుడు.