1948 వార్తకు ఇద్దరు సాక్షులు

రాజకీయంగా చీలిపోయిన దేశంలో పత్రికా రచయితకు అసలు పరీక్ష ఎదుటివారి దోషాన్ని వెల్లడించడంలో లేదు; తనవారి దోషాన్ని తనవారి ముందే చెప్పడంలో ఉంది. 1948 నాటి హైదరాబాదు సంస్థానం ఇందుకు ఇద్దరు సాక్షులను మిగిల్చింది.

ఒకటి 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక. సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను ఖండించారు. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని ముస్లిం పాఠకులకు వారి భాషలోనే నచ్చజెప్పారు. ఆ ఏడాది ఆగస్టులో, రాత్రివేళ పత్రికా కార్యాలయం నుండి ఇంటికి వెళుతుండగా ఆయనను హత్య చేశారు.

రెండవది పండిత్ సుందర్‌లాల్ నివేదిక. సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన 'పోలీసు చర్య' తరువాత పర్యటించిన ఈ బృందంలో 'పయామ్' పత్రిక పూర్వ సంపాదకులు ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ కూడా ఉన్నారు. 16 జిల్లాలలో 9 తిరిగారు. తాము వెళ్ళలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా ప్రజలను విచారించారు. తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది మరణించారని అంచనా వేశారు. అందరికంటే ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. చివరి రెండూ మన మద్నూరుకు ఇరుగుపొరుగే. ఈ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013లో గాని ఢిల్లీలోని అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది పాఠకులకు అందుబాటులోకి రాలేదు.

నివేదికకు లోపాలు లేకపోలేదు. ఏడు జిల్లాలు దాని చూపుకు అందలేదు. మృతుల సంఖ్య అంచనాయే గాని లెక్క కాదు. అయినా ముస్లింల కడగండ్లను చెబుతూ రజాకార్ల దోపిడీని దాచలేదు. ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులను, ముఖ్యంగా నేతపనివారిని, మరువలేదు. అదే దాని విలువ.

మన పత్రికల సంగతి చూడండి. సెప్టెంబరు 17 రాగానే ఒకరికి 'విమోచన', ఒకరికి 'విలీనం', ఉర్దూలో 'సుఖూత్', అంటే పతనం. సైన్యం నడిపిన చర్యకు పోలీసుల పేరు ముందే పెట్టారు. అనువాదకునిగా నా అభ్యంతరం ఇది: ఈ మాటలు తీర్పు చెప్పిన తరువాత సాక్షిని పిలుస్తాయి. పైగా షోయబుల్లాను తలచేవారు నివేదికను తలవరు. నివేదికను ఉటంకించేవారు షోయబుల్లాను మరుస్తారు.

వార్త వచ్చినప్పుడు విచారించుకోండి, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడతారని హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరిక వార్త తెచ్చేవానికి కాదు, వినేవారికి. కనుక నివేదికను చదివే ముస్లిం 'ఇమ్రోజ్' చరిత్రను కూడా చదవాలి. షోయబుల్లాను గౌరవించే ప్రతివాడూ నివేదికను కూడా తెరవాలి.