వంత ఉన్నవాడికి వణుకు తక్కువ

మోర్తాడ్‌లో ఇంటర్ చదివే పిల్లవాడికి సోమవారం సెమినార్. అంశం పసుపు. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, పాలిష్ పట్టించడం అన్నీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాడే. ఆర్మూరు బస్సులో దోస్తులకైతే దిగేదాకా చెబుతాడు. క్లాసు ముందు నిలబడాలంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకని నాలుగు పేజీలు రాసుకుని బట్టీ పడతాడు. ఒక్క మాట జారిందా, దాని వెనకున్నవన్నీ జారిపోతాయి.

బట్టీ పట్టడం తప్పు కాదు, ఏది బట్టీ పట్టాలో తెలియాలి. ఆ సంగతి నిజామాబాద్ జిల్లా ఊళ్లలో ఆడే వీధినాటకం, చిందు యక్షగానానికి బాగా తెలుసు. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికిన చిందుల ఎల్లమ్మ ఈ కళకే పెద్దదిక్కు. 1999లో హంస పురస్కారం అందుకుని, 2005లో కన్నుమూశారు. ఇదే కళకు 2024లో జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది.

చిందు ఆటలో దరువులు, పద్యాలు కంఠతా రావాల్సిందే. వాటి నడుమ వచనం మాత్రం ఊరిని బట్టి, కూర్చున్న జనాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. మన పిల్లవాడు కూడా మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం, నడుమ మలుపు తిప్పే మూడు మాటలు నోటికి తెచ్చుకుంటే చాలు. మిగతాది బస్సులో చెప్పినట్టే చెప్పొచ్చు. సాధన మాత్రం గొంతెత్తి చెయ్యాలి. కళ్లతో చదువుకున్నది నోటికి అంత సులువుగా రాదు.

ఇక ప్రవేశం. ఇద్దరు తెర పట్టుకుంటే పాత్ర దాని వెనక నిలబడుతుంది. తెర తొలగాక తానెవరో చెప్పుకుంటుంది. పాత్రధారి పరుగున వచ్చి కథలో పడడు. క్లాసులోనూ అంతే, నిలబడి, గది సద్దుమణిగాకే నోరు విప్పాలి.

అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు వంత. పాత్రధారి చరణం ఎత్తుకోగానే వెనకున్నవాళ్లు అందుకుంటారు. ఆ కాస్త వ్యవధిలో అతడు ఊపిరి పీల్చుకుంటాడు, తర్వాతి మాట గుర్తు తెచ్చుకుంటాడు. సెమినార్‌లో వంత పాడేదెవరు? ఒక దోస్తు చేతికి పసుపు కొమ్ములిచ్చి బెంచీల మీదుగా పంచమనాలి. బాగా ఎండిన కొమ్ము విరిస్తే ఖణేల్‌మంటుంది. అందరూ విరిచి చూసుకునే లోపు వక్త కుదుటపడతాడు.

గుండె దడ పోదు, పోవాల్సిన పనీ లేదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, మాట్లాడబోయే ముందు ‘శాంతంగా ఉన్నాను’ అని పైకి అన్నవాళ్ల కన్నా ‘హుషారుగా ఉంది’ అన్నవాళ్లే మెరుగ్గా మాట్లాడారు. మద్దెల మోగుతుండగా గజ్జె కట్టినవాణ్ని శాంతించమని ఎవరంటారు?

ఇంత విద్య ఉన్న చిందువాళ్లు మాదిగలను ఆశ్రయించి బతికిన కులం. తరతరాలుగా మాటను సాధన చేసినవాళ్లను ఊరి అంచున ఉంచి, మాట్లాడటం నేర్పమని పట్నంలో ఫీజులు కట్టడం మనకే చెల్లింది.

చివరగా బుడ్డర్‌ఖాన్. ఆటలో హాస్యగాడు, రాజునైనా అడ్డుప్రశ్న వేసి నిలబెట్టే మనిషి. ఆదివారం సాయంత్రం ఇంటి అరుగు మీద రిహార్సల్‌కు అలాంటి నోటి దురుసు దోస్తును ఒకణ్ని కూర్చోబెట్టుకోవాలి. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైందని వీడు చెప్పీ చెప్పకముందే వాడు అందుకోవాలి: “అయితే మా నాయనకేమొస్తదిరా?”