మట్టికి చిక్కిన ముఖాలు

గాంధీజీ బొమ్మ కోసం కూర్చునే మనిషి కాదు. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి 1931లో లండన్ వెళ్లినప్పుడు క్లేర్ షెరిడన్ అనే శిల్పి ఆయన తల చేస్తానంది. దాని కోసం పని మానుకోను, నా పని నేను చేసుకుంటాను, నీకు కుదిరినట్టు చేసుకో అన్నారాయన. నేలమీద కూర్చుని రాట్నం తిప్పారు. ఆమె మట్టి పట్టుకుంది.

సూరత్ మరమగ్గాల దగ్గర బతికే మన పద్మశాలీలకు ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంటే ఎడమచెయ్యి ఏకును వెనక్కి లాగుతుంది. పోగు కదురుకు చుట్టుకునేటప్పుడు మళ్లీ ముందుకొస్తుంది. చూపు పోగు మీదే. కళ్లు కనబడవు, రెప్పలే కనబడతాయి. అయితే చెయ్యి ముందుకొచ్చిన ప్రతిసారీ తల అదే వాలుకు చేరుతుంది. ఇప్పుడు జారిపోయిన రేఖ మరో పోగుకు దొరుకుతుంది. శిల్పికి ఇంతకన్నా మంచి భంగిమ ఉండదని నా అభిప్రాయం.

ఆ లండన్ ప్రయాణానికి ఏడాదిన్నర ముందే, అప్పట్లో సూరత్ జిల్లాలో ఉన్న దండిలో గాంధీజీ ఉప్పు తీశారు. ఆయన్ని అర్ధనగ్న ఫకీరని ఎద్దేవా చేసిన చర్చిల్, షెరిడన్‌కు అన్న వరస. ఇద్దరి తల్లులూ అక్కచెల్లెళ్లు!

షెరిడన్ ఈ శిల్పాల పనిలోకి వేడుకగా రాలేదు. 1914లో చిన్నకూతురు ఎలిజబెత్ పోతే సమాధి మీదికి దేవదూత బొమ్మ తనే చేసింది. మరుసటేడు భర్త యుద్ధంలో చనిపోయాడు. మిగిలిన ఇద్దరు పిల్లల్ని పెంచడానికి ఆ విద్యే ఆధారమైంది.

1920లో అక్కడి నాయకుల తలలు చేయడానికి మాస్కో వెళ్లింది. క్రెమ్లిన్‌లో లెనిన్ తన బల్ల దగ్గర కాగితాల్లో మునిగిపోయి ఆమె వైపే చూడలేదు. ఫోన్ వస్తే మాత్రం ముఖంలో ప్రాణం వచ్చేది. ఆ కాసేపట్లోనే చూడాల్సింది చూసుకునేది. చివరికి మట్టిబొమ్మను తిప్పే పీట మీదే ఆయన్ని కూర్చోబెట్టి, తను మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి చూసింది. ఆయన కంగారు పడ్డాడట. కింది నుంచి చూస్తేనే కనబడతాయి అడుగున దవడ తిరిగే చోటు, పైరెప్ప మందం. ఎదుటి నుంచి చూసి చేస్తే పోలిక వస్తుందేమో గాని, తల రాదు.

అక్కడి రహస్య పోలీసు అధిపతి జెర్జిన్‌స్కీ మాత్రం చలనం లేకుండా కూర్చున్నాడు. ఆ ఓపిక జైల్లో అబ్బిందన్నాడు.

కొడుకు కూడా 1937లో పోయాక ఆమె చెక్క పట్టింది. మట్టి అయితే తప్పు పోయిన చోట ఇంకో ముద్ద వేసుకోవచ్చు. చెక్కకు ఆ వెసులుబాటు లేదు. తమ బ్రీడ్ ఎస్టేట్‌లోని ఓక్ మానుతో ఆ కొడుకు పేర చెక్కిన మేరీమాత, ఆ ఊరి చర్చిలో ఉంది.