‘మేము’ దాటి ‘నేను’ దగ్గర ఆగిన కలం

తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాసిన మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశాడు. 354 మంది కవుల్ని లెక్క చూపెట్టాడు. ఆయన మన నడిగడ్డ మనిషి, ఇటిక్యాలపాడు ఊరివాడు. కృష్ణా తుంగభద్రల నడుమ నేలకు ఆ రోషం గర్వకారణమే, కాదనం. అయితే ఆ పని ఎట్లా సాధ్యమైందో కూడా చూడాలి. రాసినవాళ్లున్నారు, రాసింది కాగితం మీద ఉంది, పంపమంటే పంపగలిగారు. పక్కనే ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చుకున్న సంస్థానం ఉంది. పండితులు వచ్చి పద్యం చదివి సన్మానం పుచ్చుకుపోయిన కోట అది. ఆ కోట చుట్టూ ఉన్న ఊళ్లలో తోలు పని చేసినవాళ్లకు, వెట్టి మోసినవాళ్లకు పంపడానికి కాగితం లేదు. వాళ్ల మనవలు, మనవరాళ్లు ఇవ్వాళ డిగ్రీలు చదివి ఉన్నారు. కాగితం ఉంది, కలం ఉంది. అయినా మల్దకల్ నుంచి, గట్టు నుంచి, ధరూరు నుంచి తన బతుకును తన పేరుతో రాసుకున్న పుస్తకాల వరుస మన అలమరలో ఇంకా తయారు కాలేదు. ఎందుకని?

‘ధైర్యం చాలదు’ అన్నది తేలిగ్గా వచ్చే జవాబు. రచయితల శిక్షణ శిబిరాల్లో ఈ మాట చాలా వినిపిస్తుంది. భయం వదిలేయండి, మీ కథ మీరు రాయండి అంటారు. చప్పట్లు కొడతారు. ఈ సలహాలో ఒక మోసం ఉంది. గుంపు మేస్త్రి వెంట మూటా ముల్లె కట్టుకుని బొంబాయికి, పూనాకు పోయి, ముఖం తెలియని ఊరిలో రోడ్డు పక్కన గుడిసె వేసుకుని ఇల్లు నిలబెట్టిన పాలమూరు మనిషికి ధైర్యం చాలదా? రాయలేకపోవడాన్ని వ్యక్తి పిరికితనం కింద జమకట్టేస్తే, ఆ మనిషి నోరు నొక్కిన బడినీ, ఊరినీ, సాహిత్య పీఠాలనీ నిలదీయాల్సిన పని తప్పిపోతుంది. కొరత ధైర్యానిది కాదు. రాసింది వినే మొదటి మనిషిది. దిద్దకుండా, జాలి పడకుండా, వెక్కిరించకుండా వినే మనిషి లేక కథలు కడుపులోనే ఉండిపోతున్నాయి.

మొదటి దిద్దుబాటు బడిలోనే జరిగింది. ‘యాడికి పోయినవు’ అంటే తప్పు, ‘ఎక్కడికి వెళ్లావు’ అంటే ఒప్పు. పదేళ్లు ఎర్ర సిరా పడితే పిల్లవాడికి ఎక్కేది వ్యాకరణం కాదు, తన అమ్మ మాట్లాడేదంతా తప్పు అన్న సంగతి. అమ్మ మాట తప్పయ్యాక అమ్మ కథ ఏ మాటల్లో రాయాలి? ఈ చిక్కును మన పెద్దలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా విప్పుకున్నారు. గుర్రం జాషువా వాళ్ల ఆయుధాన్నే ఎత్తుకున్నాడు. 1941లో వచ్చిన గబ్బిలంలో మేఘసందేశం పద్ధతిని తీసుకుని, గుడిలోకి పోలేని మనిషి మొరను గుడిలోకి పోగలిగే గబ్బిలం చేత కాశీ శివుడికి పంపాడు. పద్యం ఆయనకు కవచం. ఛందస్సులో తప్పు పట్టలేక పండితులు విన్నారు. కానీ ఆ దారిలో నడవాలంటే ముందు పద్యం నేర్వాలి. అంటే మన కథ చెప్పనీకి వాళ్ల పరీక్ష పాసు కావాలి.

ఆ పరీక్షనే రాయనన్నవాడు నాగప్పగారి సుందర్రాజు. తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు జిల్లా మనిషి. నడిగడ్డ మాటకూ అవతలి ఒడ్డు మాటకూ చుట్టరికం ఉందని ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. 1997లో ఆయన వేసిన కథల పుస్తకం పేరు ‘మాదిగోడు’. ఊరు ఏ మాటతో తిట్టిందో ఆ మాటను అట్ట మీద ఎక్కించాడు. అట్ట మీద ఆ మాట చూశాక ఇక ఎవడేమని తిట్టగలడు? లోపల వాడ మాట వాడ మాటగానే ఉంటుంది. మాండలికాన్ని సంభాషణల్లో కూరలో కరివేపాకులాగా వాడి, కథనం మాత్రం పట్నం తెలుగులో నడిపించే అలవాటు మనకు బాగా ఉంది. అట్లా చేస్తే కథ చెప్పేవాడు పాత్రల కన్నా ఒక మెట్టు పైన కూర్చున్నట్టే. సుందర్రాజు ఆ మెట్టు తీసేశాడు. 2000లో చిన్న వయసులోనే పోయాడు గానీ, మల్దకల్ పిల్లలు ‘మా మాట పుస్తకానికి పనికిరాదు’ అన్నప్పుడు చేతిలో పెట్టాల్సిన మొదటి పుస్తకం అదే.

ఇక్కడ ఇంకొక సంగతి. తెలుగులో దళిత సాహిత్యం ఒక ఉప్పెనగా వచ్చింది కవిత్వంలో. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ రక్తం నుంచి వచ్చిన కవిత్వం 1995లో చిక్కనవుతున్న పాటగా, మరుసటి ఏడు పదునెక్కిన పాటగా సంకలనాలకెక్కింది. ఆ కవిత్వం ఎక్కువ భాగం ‘మేము’ అని మాట్లాడింది. అట్లా మాట్లాడాల్సిన కాలం అది. ‘మేము’ అన్నప్పుడు వెనక జనం ఉంటారు. ఏ ఇంటి తలుపు ఎవరూ తట్టలేరు. కథ అట్లా కాదు. తన కథ చెప్పాలంటే ‘నేను’ అనాలి. ‘నేను’కు ఇంటి పేరుంది, తండ్రి ఉన్నాడు, తండ్రి చేసిన అప్పు ఉంది, అప్పిచ్చిన పటేలు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. మరాఠీలో దయా పవార్ బలుతం 1978లోనే వచ్చింది, లింబాళే అక్కరమాశి 1984లో. తెలుగులో జాషువా పద్యంలో నా కథ చెప్పుకున్నాడు, ఎండ్లూరి సుధాకర్ 1999లో మల్లెమొగ్గల గొడుగులో చిన్ననాటి వాడను మాదిగ కథలుగా మలిచాడు. అయినా మరాఠీలో వచ్చినంత ఒత్తుగా మన ఆత్మకథలు రాలేదు. దీనికి రచయితల్ని తప్పు పట్టేముందు మన విమర్శ ఏం చేసిందో చూసుకోవాలి. ‘మేము’కు పీఠం వేసి ‘నేను’ను స్వీయ గోల అని పక్కకు నెట్టినవాళ్లు మనలోనూ ఉన్నారు.

‘నేను’ అన్నాక వచ్చే భయం దొర భయం ఒక్కటే కాదు. ఇంటి భయం. ఇది పైకి చెప్పుకోని భయం. పాలమూరు పల్లెల్లో జోగినీ ఆచారం ఎంత మంది ఆడపిల్లల్ని మింగిందో మనకు తెలుసు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. చట్టం గురించి వ్యాసాలున్నాయి, నివేదికలున్నాయి. కానీ ఒక జోగిని కూతురు కాలేజీకి వచ్చి, ‘నాన్న పేరు’ అన్న గడి ముందు కలం ఆపిన ఆ ఒక్క నిమిషం గురించి రాయాలంటే? అది ఆమె కథ, ఆమె అమ్మ కథ కూడా. అమ్మ ఇష్టం లేకుండా చెప్పే హక్కు ఆమెకుందా? చెప్పకపోతే ఆ మౌనం వల్ల లాభం ఎవరికి? ఈ రెండు ప్రశ్నల నడుమ ఇరుక్కున్న అమ్మాయిని పట్టుకుని ‘ధైర్యం చెయ్యమ్మా’ అనడం అన్యాయం.

తమిళంలో బామ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. కాన్వెంటు వదిలి వచ్చి ఆమె రాసిన కరుక్కు 1992లో అచ్చయింది. కోపం తెచ్చుకున్నది బయటివాళ్లే కాదు, సొంత ఊరివాళ్లు. మన సంగతులు బయటపెట్టి పరువు తీసిందన్నారు. కొన్ని నెలల పాటు ఆమె ఊళ్లోకి పోలేకపోయింది. తరవాత తరవాత అదే ఊరు ఆ పుస్తకాన్ని తనదనుకున్నది. దీన్ని చివరకు అంతా మంచే జరుగుతుందన్న కథగా చెప్పుకోవద్దు. ఆ నెలలు ఆమె మోసింది, మనం కాదు. అయితే ఒక పద్ధతి దొరుకుతుంది. అచ్చుకు పోకముందే వాడలో చదివి వినిపిస్తే ఆ బరువు కొంత పంచుకోబడుతుంది. అమ్మకు చదవడం రాకపోవచ్చు, వినడం వచ్చు. ‘అట్ల కాదు బిడ్డా, ఆ దినం వాన లేదు, ఎండ’ అని ఆమె సరిచేస్తే అది ఎర్ర సిరా దిద్దుబాటు కాదు, ఆమె కూడా కథలో చేయి వేసినట్టు. పేర్లు మార్చాలా, ఊరు మార్చాలా, ఏది వదిలేయాలి అన్నవి అక్కడ తేలాల్సిన సంగతులు. పత్రిక ఆఫీసులో కాదు.

పరిశోధకుల సంగతి కూడా ఒక మాట అనుకోవాలి, ఇది పరిశోధకులు నడిపే పత్రిక కనుక. టేపు రికార్డరుతో మొదలై ఫోను దాకా, మనవాళ్లం వాడకు పోతున్నాం, కథలు తెస్తున్నాం. పట్టా మనకు, ‘సమాచారం ఇచ్చినవారు’ అన్న చిన్న అక్షరాల వరుస వాళ్లకు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెబుతాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అందరూ ఆయన దగ్గర సాయన్న కథ అడిగారు, కిన్నెర ఎట్లా చేస్తారో అడిగారు. ఊరూరా తిరిగి అడుక్కుని బతికిన డక్కలి ఇంటి కథను ఆయన తీరులో, ఆయన పేరు మీద ఒక పుస్తకంగా ఎందుకు అడగలేదు? అదే జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటకు రాష్ట్రమంతా తల ఊపింది, వల్లంకి తాళంకు 2021 సాహిత్య అకాడమీ పురస్కారమూ వచ్చింది. పాటకు మన దగ్గర వినేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. వచనానికి అట్లాంటి వినేవాళ్లను తయారుచేయడం మన పనుల లెక్కలోకి రాలేదు.

మరి మొదలు ఎక్కడ? పెద్ద గాయంతోనే మొదలు పెట్టాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ, కొత్తవాళ్ల గొంతు మూతబడడానికి అదొక కారణం. దళిత కథ అంటే అత్యాచారమో హత్యో ఉండాలని సంపాదకులు ఎదురుచూస్తారు. లేకపోతే ‘ఇందులో దళిత సమస్య ఏదీ’ అంటారు. నన్నడిగితే పనితో మొదలుపెట్టడం మేలు. మల్దకల్, గద్వాల, అయిజ, గట్టు చుట్టూ సీడుపత్తి ఉంది. సాయంత్రం పూట ఆడమొక్క మొగ్గను గోటితో గిల్లి, రేకులూ పుప్పొడి తిత్తులూ తీసేసి, గుర్తు పెట్టి పోతారు. తెల్లారి మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దుతారు. రెండు మూడు నెలలు రోజూ ఇదే. లెక్క తప్పితే, గింజ కల్తీ అయితే, ఆర్గనైజరు కోత పెడతాడు. ఈ క్రాసింగులో పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని ఎక్కువగా పెట్టారని 2000ల మొదటి ఏళ్లలో పరిశోధనలు లెక్కలు తేల్చాయి. ఎన్ని వేల మంది అన్నది అందులో ఉంది. గిల్లి గిల్లి గోరు ఎట్లా నల్లబడుతుంది, బడిలో తోటి పిల్లల ముందు ఆ చేయి ఎట్లా దాచుకోవాలి, అడ్వాన్సు తెచ్చిన నాన్న మీద కోపం ఏ పూట వస్తుంది, ఏ పూట పోతుంది అన్నది అందులో లేదు. అది ఆ చేను చేసిన పిల్లకు తెలుసు. దాన్ని రాయనీకి అలంకారశాస్త్రం అక్కర లేదు. ఆ పనికి సంబంధించిన ప్రతి మాటా ఆమె నోట్లో ఇప్పటికే ఉంది. వర్ణనలు వద్దు, ఒక్క పూట పని వరుసగా రాస్తే చాలు, కులం అందులోకి తనంతట తనే నడిచి వస్తుంది. నీళ్లు ఎవరు ఎత్తి పోశారన్న దగ్గరే వచ్చేస్తుంది.

రాసిన తరవాత ఏమవుతుంది అన్నదానికి చరిత్ర అంత ఓదార్పు ఇవ్వదు. భాగ్యరెడ్డి వర్మ 1930ల మొదట్లోనే ‘వెట్టి మాదిగ’ రాశాడు. ఎన్ని పాఠ్యపుస్తకాలు దాన్ని పట్టించుకున్నాయి? తాడి నాగమ్మ స్వాతంత్ర్యానికి ముందు నుంచీ రాసిన దళిత స్త్రీ. దశాబ్దాల పాటు ఆమె పేరు ఎవరికీ పట్టలేదు. 2003లో గోగు శ్యామల నల్లపొద్దు సంకలనం వేసి, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిందంతా ఒక్కచోట చేర్చినప్పుడు గదా ఒకరికొకరు కనబడ్డారు. శ్యామల తను కథకురాలు. ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం కథల్లో తాండూరు వైపు మాటను యథాతథంగా నిలబెట్టింది. అయినా ముందు ఇతరుల కాగితాలు ఏరడానికి ఏళ్లు పెట్టింది. ఆ ఏరడాన్ని సాహిత్య సేవ అని మెచ్చుకుని ఊరుకుంటున్నారు. నాకు అది అంతకన్నా కఠినమైన విమర్శనా పని అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పుస్తకం తరవాత రాయడం మొదలుపెట్టిన ఏ దళిత అమ్మాయీ ‘నేనే మొదటిదాన్ని’ అనుకుని వణకాల్సిన అగత్యం లేదు.

నడిగడ్డకు అట్లాంటి ఒక సంకలనం కావాలి. ప్రతాపరెడ్డి ఉత్తరాలు రాసి పద్యాలు తెప్పించుకున్నట్టు తెప్పించుకుంటే రావు. వాడ వాడకు పోయి కూర్చోవాలి. క్రాసింగు కాలంలో పోతే ఎవరూ దొరకరు, పత్తి ఏరాక పోవాలి. రాయగలిగినవాళ్ల చేత వాళ్ల చేతిరాతలోనే రాయించాలి, రాయలేనివాళ్లు చెబుతుంటే ఇంట్లో చదువుకున్న పిల్లలు రాయాలి. మనం రాయొద్దు. అచ్చులో వాళ్ల పేరు రచయిత పేరుగా ఉండాలి, వద్దంటే వాళ్లు ఎంచుకున్న పేరు ఉండాలి. అక్షర దోషాలు దిద్దే ముందు వాళ్లను అడగాలి, ఎందుకంటే మనం దోషం అనుకున్నది వాళ్ల అవ్వ పలికిన తీరు కావచ్చు.