పేరు వేరైతే పని వేరవుతుందా? నెర్గెష్ మీర్జా తీర్పుపై ఒక విమర్శ

ఉపాధిలో సమానావకాశాల గురించి చదివేటప్పుడు మన దృష్టి సాధారణంగా చట్టంలోని సెక్షన్ల మీదే ఉంటుంది. పర్సనల్ మేనేజరుగా పనిచేయబోయే మీరు అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఎవరిని ఎవరితో పోల్చాలి? 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎయిర్ ఇండియా - నెర్గెష్ మీర్జా తీర్పు ఈ ప్రశ్న దగ్గరే తడబడిందని నా అభిప్రాయం.

అప్పటి ఎయిర్ ఇండియా సర్వీసు నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్ 35వ ఏట పదవీ విరమణ చేయాలి. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, తొలిసారి గర్భం ధరించినా ఉద్యోగం అంతకుముందే ముగిసేది. 35 దాటాక ఏడాది చొప్పున 45 వరకు పొడిగించడం మేనేజింగ్ డైరెక్టరు ఇష్టం. అదే విమానంలో ప్రయాణికులకు సేవలందించే పురుషులు, అంటే అసిస్టెంట్ ఫ్లైట్ పర్సర్లు, 58 ఏళ్ల వరకు కొలువులో ఉండేవారు.

గర్భం నిబంధనను కోర్టు కొట్టివేసింది. ఆ విషయంలో యాజమాన్యాన్ని గట్టిగానే మందలించింది. పొడిగింపులో మేనేజింగ్ డైరెక్టరుకున్న హద్దులేని విచక్షణాధికారం కూడా పోయింది. ఇంతవరకే చదివినవారు దీన్ని మహిళల విజయంగా భావించడం సహజం. మిగిలిన భాగం కూడా చదవండి. నాలుగేళ్ల పెళ్లి నిషేధం నిలిచింది. అందుకు చెప్పిన కారణాల్లో కుటుంబ నియంత్రణ ఒకటి! విమానసంస్థ సిబ్బంది నియమానికీ, దేశ జనాభా విధానానికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ బోధపడదు.

అసలు లోపం వర్గీకరణలో ఉంది. నియామక విధానం, అర్హతలు, పదోన్నతి అవకాశాలు వేరు కాబట్టి హోస్టెస్‌లు, పర్సర్లు రెండు వేర్వేరు కేడర్లనీ, వారిని పోల్చడం కుదరదనీ కోర్టు చెప్పింది. కానీ ఆ తేడాలన్నీ ఎవరు పెట్టినవి? సంస్థే. సంస్థ గీసిన గీతనే ఆ సంస్థకు సమర్థనగా స్వీకరించారన్నమాట. విమానంలో ఇద్దరూ చేసే పనిని పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఇక లేకపోయింది.

దీని పక్కన 1987 నాటి మెకినన్ మెకంజీ - ఆడ్రీ డికోస్టా తీర్పును పెట్టి చూడండి. మహిళా స్టెనోగ్రాఫర్లకు పురుష స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ జీతం ఇచ్చిన కంపెనీ, వీరు పై అధికారుల దగ్గర పనిచేసే ‘కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు’, వేరే వర్గం అని వాదించింది. యూనియన్‌తో కుదిరిన ఒప్పందాన్ని చూపించింది. నష్టాల్లో ఉన్నామనీ చెప్పింది. ఈ వాదనలేవీ నిలవలేదు. హోదా పేరును కాక, చేసే పనిని విశాల దృష్టితో చూడాలని, చిన్నచిన్న తేడాలను పట్టించుకోనక్కరలేదని కోర్టు తేల్చింది. నా దృష్టిలో 1976 సమాన వేతన చట్టానికి సరైన భాష్యం ఇదే. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2019 వేతన స్మృతి కూడా అదే పని లేదా అదే స్వభావం గల పని అన్న కొలమానాన్నే ఉంచింది.

ఇక మేనేజరు బల్ల దగ్గరికి వద్దాం. 1976 నియమాల కింద యజమాని నిర్వహించవలసిన ‘డి’ ఫారం రిజిస్టరులో కార్మికుల వర్గం, పని సంక్షిప్త వివరణ, పురుషుల సంఖ్య, స్త్రీల సంఖ్య, వేతనరేటు వంటి గడులు ఉండేవి. మొదటి గడిలో ఏ పేరు రాయాలో నిర్ణయించేది యజమానే. ఒక వరుసలో అందరూ పురుషులు, కింది వరుసలో అందరూ స్త్రీలు ఉంటే, ఏ వరుసలోనూ తేడా కనబడదు. తనిఖీలో రిజిస్టరు సక్రమంగానే ఉంటుంది. అలాంటి రిజిస్టరు మీ చేతికి వచ్చినప్పుడు రెండో గడిని, అంటే పని వివరణను, రెండు వరుసల్లోనూ కలిపి చదవండి.