ఇంటిపేరు ఎవరి ప్రయాణం?

మా చిన్నాన్న కూతురి పెళ్లికి ద్వారకా తిరుమల వెళ్లాను. భీమడోలు దగ్గర బస్సు కొండదారి పట్టగానే శుభలేఖ తీసి చూశాను. పైన మా పుట్టింటి పేరు దెందులూరి అని పెద్ద అక్షరాల్లో ఉంది. పెళ్లిలో పురోహితుడు ప్రవర చదివాడు. ముత్తాత, తాత, తండ్రి, మూడు తరాల మగవాళ్ల పేర్లు. వధువును కన్న మా పిన్ని పేరు అందులో లేదు. పోనీ పిన్ని పుట్టింటి పేరేమిటని గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకున్నదాన్ని, చిన్నప్పటినుంచీ నాకు అన్నం పెట్టిన మనిషి ఇంటిపేరు నాకు తెలియదు!

తెలుగు ఇంటిపేర్లలో చింత, వేముల లాంటి చెట్లున్నాయి, మేకా, గుర్రం లాంటి జంతువులున్నాయి. కానీ ఊరి పేరునుంచి వచ్చినవే కొల్లలు. వాటి వ్యాకరణం గమనించండి. ఏలూరు 'ఏలూరి' అవుతుంది. దెందులూరు 'దెందులూరి' అవుతుంది. పాడు 'పాటి' అవుతుంది. ఇవన్నీ షష్ఠిలో ఉన్న మాటలు, 'ఆ ఊరికి చెందిన' అని అర్థం. అయితే ఏలూరులో ఉన్నవాళ్లని ఏలూరి వాళ్లని పిలవాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఊరు విడిచి ఇంకో ఊరు చేరినవాళ్లకే ఆ పేరు పెడతారు. అంటే ఇలాంటి ఇంటిపేరు ఒక వలసకి గుర్తు.

మరి ప్రతి తరంలోనూ ఊరు మారేది ఎవరు? ఆడపిల్లే కదా. ఎప్పుడో ఒక మగవాడు ఊరు వదిలితే అది వంశానికి పేరైంది. ఆడది ఊరు వదిలితే ఉన్న పేరు పోయింది. తన ప్రయాణం చెరిపేసి, ఎవరో ముత్తాత చేసిన ప్రయాణాన్ని ఆమె మోస్తుంది.

మన సాహిత్య చరిత్రలూ ఇదే పని చేశాయి. చలం కొమ్మూరి వారింట పుట్టి దత్తత వల్ల గుడిపాటి అయ్యాడు. శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టి దత్తత వల్ల శ్రీరంగం అయ్యాడు. ఈ సంగతులు వాళ్ల జీవితచరిత్రల్లో ఘటనలు. మగవాడి ఇంటిపేరు మారితే అది చెప్పుకోవలసిన విషయం. భండారు అచ్చమాంబ (1874-1905) కొమర్రాజు వారి ఆడపడుచు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల'తో స్త్రీల చరిత్ర రాసిన మనిషి. అక్షరక్రమ సూచికలో ఆమె ఒక చోట, తమ్ముడు లక్ష్మణరావు ఇంకో చోట. వాళ్లు తోబుట్టువులని పేర్లు చూస్తే తెలియదు. 'తన మార్గం'కి 2005లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న ఛాయాదేవి మనకి అబ్బూరిగానే తెలుసు. ఆమె పుట్టింటి మద్దాలి ఎంతమందికి గుర్తు? నూజివీడులో పుట్టిన మాలతికి భర్త ఇంటిపేరు చందూర్ పేరు వెనక చేరింది. తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టిన రచయిత్రి ఒకరు మాత్రం తొలి పుస్తకాల మీది 'ముప్పాళ'ని తీసేసి ఉత్త రంగనాయకమ్మగా నిలబడ్డారు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథని ఈ వెలుగులో మళ్లీ చదివాను. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలికి చివరికి పాత స్నేహితురాలి నోట 'శారద' దొరుకుతుంది. ఆ కథని ఎన్నిసార్లు పాఠం చెప్పానో! శారద ఇంటిపేరు ఏమిటని ఏ విద్యార్థీ అడగలేదు, నేనూ అడగలేదు. కథలో ఆమె వెతుక్కున్నది ఇంటిపేరు కాదు. ఇల్లు పోగొట్టిన పేరు ఇంటిపేరుతో తిరిగి రాదని సత్యవతి ఎరుగుదురనిపిస్తుంది.

పుట్టింటి పేరు నిలుపుకుంటే సరిపోతుందా? అదీ తండ్రిదే, తాతదే. పైగా మన ఇంటిపేరు వినగానే కులం లెక్కగట్టేవాళ్లకి కొదవలేదు. నాకు దెందులూరి పోతుందన్న దిగులుంటే, తరగతిలో ఇంటిపేరు పైకి చదివినప్పుడల్లా తలదించుకున్న నా స్నేహితురాలికి అది ఉండటమే దిగులు. కాబట్టి పుట్టింటి పేరుని జెండాలా ఎగరేయమని నేననను.

నా సిద్ధాంత గ్రంథం మీద ఒక ఇంటిపేరుంది, గుర్తింపు కార్డు మీద ఇంకొకటుంది. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాసి సంతకం పెట్టాను. ఆ రుజువు నన్నే అడిగారు గానీ నా భర్తని ఎవరూ అడగలేదు. నేను కోరేది చిన్నదే. రచయిత్రి పరిచయం రాసేటప్పుడు ఆమె ఏ పేరుతో పుట్టిందో, ఏ పేరు ఎప్పుడు చేరిందో, దేన్ని తానే వదులుకుందో రాద్దాం. దత్తతని ఘటనగా రాసిన చరిత్రకి ఇది బరువు కాదు.

అప్పగింతలయ్యాక పిన్నిని అడిగాను. "ఇప్పుడెందుకే అది?" అని నవ్వింది. కాసేపాగి, "మేం కైకలూరి వాళ్లం" అంది.

ఇన్నేళ్ల తర్వాత కూడా 'మేం' అనే అంది.