గట్టు మీదే తేలాలి

నైరుతి గాలి పుంజుకునే జూలై, ఆగస్టు నెలల్లో హుస్సేన్‌సాగర్ రూపు మారిపోతుంది. ట్యాంక్‌బండ్ మీద కాసేపు ఆగితే చాలు, బుద్ధ విగ్రహం వెనక తెల్లని తెరచాపలు గుంపుగా ఒరుగుతూ, లేస్తూ కనిపిస్తాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వారి మాన్‌సూన్ రెగట్టా, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వారి హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఈ గాలిని నమ్ముకున్న పోటీలే. మర్నాడు పత్రికల్లో విజేతల ఫొటోలు, పతకాల పట్టిక వస్తాయి. ఎన్ని పడవలు బోల్తాపడ్డాయన్నది మాత్రం ఆ వార్తల్లో ఉండదు. గాలి జోరుగా ఉన్న రోజున చిన్న పడవలు తిరగబడటం సెయిలింగ్‌లో మామూలే. ఎవరికీ ఏమీ కాదు కాబట్టి అది వార్త కాదు. అదే గోదావరి మీదో కృష్ణ మీదో పడవ బోల్తాపడితే మొదటి పేజీ నిండా కన్నీళ్లే. ఒకచోట తల తుడుచుకుని మళ్లీ పడవెక్కేంత చిన్న విషయం, ఇంకోచోట ఊళ్లకు ఊళ్లను శోకంలో ముంచే ఘోరం ఎందుకవుతోంది? పడవలు వేరు, నీళ్లు వేరు అని సరిపెట్టుకోవచ్చు. నేను మాత్రం అసలు తేడా నీళ్లలో లేదని, గట్టు మీద ఉందని అంటాను. పడవ కదలకముందు ఏం చేశామన్నదే, తర్వాత ఎవరు తేలతారో ఎవరు మునుగుతారో నిర్ణయిస్తోంది.

సెయిలింగ్ క్లబ్బులో చేరిన పిల్లలకు మొదట ఇచ్చే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిపుణుడు పిల్లల కోసమే గీసిన నమూనా అది. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ముక్కు కోసేసిన తొట్టిలా ఉంటుంది. లోపల రెండు పక్కలా, వెనకా గాలి తిత్తులు బిగించి ఉంటాయి. నీళ్లు తోడే డబ్బా కొట్టుకుపోకుండా దాన్ని తాడుతో పడవకే కట్టేస్తారు. అంటే, ఎప్పుడో ఒకప్పుడు తిరగబడక తప్పదని ముందే ఒప్పుకుని కట్టిన పడవ ఇది. నేర్పే పద్ధతీ అలాంటిదే. గాలిని పట్టడం పూర్తిగా రాకముందే, ఒడ్డుకు దగ్గర్లో, పక్కన రక్షణ బోటు సిద్ధంగా ఉండగా, శిక్షకుడు పిల్లలచేత కావాలనే పడవను బోల్తా కొట్టిస్తాడు. తెరచాప నీళ్ల మీద పరుచుకుంటుంది, పిల్లవాడు నీళ్లలో పడతాడు. అప్పుడు వాడికి అందే మొదటి పాఠం ఒక్కటే: పడవను వదలొద్దు. తెరచాప కింద ఇరుక్కుంటే చెయ్యెత్తి గుడ్డను లేపి, ఊపిరి తీసుకుని పక్కకు జరగాలి. తర్వాత అడుగువైపుకు చుట్టి వెళ్లి, అక్కడ పొడుచుకొచ్చిన పలకను పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వెయ్యాలి. పడవ నిండా నీళ్లతో నెమ్మదిగా లేస్తుంది. ఎక్కి కూర్చుని డబ్బాతో తోడెయ్యడమే మిగిలిన పని. ఇలా పదిసార్లు పడి లేచిన పిల్లవాడికి, నిజంగా గాలి కొట్టిన రోజున చేతులు వాటంతటవే కదులుతాయి. ఆపదను ముందే రుచి చూపించడమే ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే సంగతి.

ఆ పాఠానికి ముందే, గట్టు మీదే ముగిసిపోయే పని ఇంకొకటుంది. అది లైఫ్ జాకెట్. దీని వెనకున్న లెక్క చాలా చిన్నది. నీళ్లలో మనిషి శరీరం చాలామటుకు తనంతట తానే తేలుతుంది. ముక్కూ నోరూ నీటిపైన నిలవడానికి కావలసిన ఆసరా నాలుగైదు కిలోలకు మించదు. చిన్న పడవల సెయిలింగ్‌లో వాడే జాకెట్ల మీద 50 న్యూటన్లు అని ఉంటుంది. అంటే సుమారు 5 కిలోల బరువును నీటిపైన నిలబెట్టగల శక్తి. ఈత రానివారికైతే 100, 150 న్యూటన్ల రకాలున్నాయి. ఇంత చిన్న ఆసరాకు, మనిషి ప్రాణానికి మధ్య ఉండేది ఒక్క బకిల్. జాకెట్ సీటు కింద ఉంటే, పడవ ఒరిగిన క్షణంలో దాన్ని వెతకాలి, తల దూర్చాలి, రెండు చేతులతో పట్టీలు బిగించాలి. ఆ రెండు చేతులూ అప్పటికి దేన్నో పట్టుకుని వేలాడుతుంటాయి, లేదా పక్కనున్న బిడ్డను పట్టుకుని ఉంటాయి. వదులుగా తొడుక్కున్న జాకెట్ కూడా మోసం చేస్తుంది. మనిషి కిందికి జారిపోతాడు, అది చెవుల దాకా ఎగదన్నుతుంది. పిల్లల జాకెట్లకు కాళ్ల మధ్యనుంచి పోయే పట్టీ పెట్టేది అందుకే. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి, గడ్డం దాకా రాకుండా నిలుస్తోందో లేదో చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం గట్టు మీద దొరికినంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు మన నదుల దగ్గరికి వద్దాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ పున్నమి బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 70 మందికి పైగా ఎక్కితే బతికి బయటపడింది 26 మంది. వాళ్లలో చాలామందిని కాపాడింది చిన్న పడవలేసుకుని పరుగెత్తుకొచ్చిన చుట్టుపక్కల గ్రామస్థులు. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. బోటులో జాకెట్లు ఉన్నాయి. కొందరు వాటిని విప్పేసి ఉన్నారని ప్రాణాలతో బయటపడినవారే చెప్పినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అంతకు ముందు ఏడాది మే 15న అదే మండలంలోని మంటూరు దగ్గర ఏజెన్సీ జనం ఎక్కిన లాంచీ గాలివానకు తిరగబడింది. వాన జల్లు పడకుండా కిటికీలు, తలుపులు మూసుకోవడంతో లోపలివారికి బయటపడే దారి లేకపోయింది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో మునిగిన బోటుకు అనుమతే లేదు. అందులో ఒంగోలు ప్రాంతం నుంచి విహారానికి వచ్చినవారు ఎక్కువమంది ప్రాణాలు కోల్పోయారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వరదలో బయల్దేరడం, జాకెట్లు ఒంటి మీద లేకపోవడం, బయటికి దారి లేకపోవడం, అనుమతి లేని బోటెక్కడం. వీటిలో ఏదీ నది చేసింది కాదు. ఒక్కొక్కటీ పడవ రేవు దాటకముందో, దాటిన కాసేపటికో మనుషులు తీసుకున్న నిర్ణయం.

బరువు సంగతీ అంతే. పడవకు లోడు ఎంత అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, ఆ లోడు ఎంత ఎత్తున ఉందన్నదీ చూడాలి. కింద కూర్చున్న 20 మంది పడవను నిలకడగా ఉంచుతారు. అదే 20 మంది పైఅంతస్తుకెక్కి, ఫొటో కోసం ఒకే పక్కకు జరిగితే పడవ ఒరుగుతుంది. ఒరిగిన పడవలోకి చేరిన నీరు కూడా అదే పక్కకు పారి మరింత ఒరిగేలా చేస్తుంది. 2023 మే 7న కేరళలోని తానూరులో చేపల పడవను మార్చి తయారుచేసిన రెండంతస్తుల విహార బోటు, మోయగలిగినవాళ్లకన్నా ఎక్కువమందితో తిరగబడి 22 మందిని బలితీసుకుంది. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువులో బడి పిల్లల పడవ బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. అక్కడా ఎక్కించింది సామర్థ్యానికి మించిన జనాన్నే. ప్రమాదం జరిగిన ప్రతిసారీ, మొత్తం ఎంతమంది ఎక్కారన్నది తేలడానికే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతోంది. సెయిలింగ్ క్లబ్బులో ఈ లెక్క ఒక కాగితం మీద ఉంటుంది. నీళ్లలోకి వెళ్లేటప్పుడు పేరు రాస్తారు, తిరిగొచ్చాక కొట్టేస్తారు. పొద్దుగూకేసరికి కొట్టెయ్యని పేరు ఒక్కటి మిగిలినా రక్షణ బోటు బయల్దేరుతుంది. ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు, ఒక కాగితం, ఒక పెన్సిలు.

అయితే జాకెట్ల కన్నా, లెక్కల కన్నా లోతైన విషయం ఇంకొకటుందని నా నమ్మకం. ‘ఈరోజు వద్దు’ అనే మాటకు ఖర్చెంత? సెయిలింగ్ పోటీలో గాలి మరీ ఎక్కువైనా, అసలు లేకపోయినా నిర్వాహకులు ఎరుపు, తెలుపు నిలువు చారల జెండా ఎగరేస్తారు. పోటీ వాయిదా పడ్డట్టే. ఆ జెండా ఎగరేసినవారిని ఎవరూ పిరికివారనరు, వారి జేబులోంచి పైసా పోదు. ఆటగాడికీ అంతే. ఆపదలో ఉన్నవారికి చేతనైనంత సాయం చెయ్యడం ఈ ఆటలో మొట్టమొదటి నియమం. సాయం చెయ్యడానికి ఆగి వెనకబడిన పడవకు ఆ నష్టాన్ని పూడ్చే ఏర్పాటు కూడా నియమావళిలోనే ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో, పూసాన్ తీరాన జరిగిన సెయిలింగ్ పోటీలో, కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో దూసుకుపోతున్నాడు. వేరే పోటీలో ఉన్న ఇద్దరు సింగపూర్ ఆటగాళ్లు నీళ్లలో పడి ఉండటం చూసి దారి మళ్లించాడు, వాళ్లను తన పడవలోకి లాగాడు. గమ్యం చేరేసరికి బాగా వెనకబడ్డాడు. నిర్వాహకులు ఆ పందెంలో అతనికి రెండో స్థానమే ఇచ్చారు. ఆ మనిషి మంచితనాన్ని తక్కువ చెయ్యలేం. కానీ మంచితనానికి నష్టం రాకుండా కాపు కాసింది నియమం. మన రేవుల్లో ఆ కాపే లేదు. వరద చూసి బోటు ఆపిన సరంగుకు ఆ రోజు కూలి పోతుంది, యజమానికి టికెట్ డబ్బు పోతుంది, హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబానికి సెలవు పోతుంది. వద్దన్నవాడే నష్టపోయే చోట వద్దనేవాడు ఉండడు.

దీనికి ఎదురయ్యే మాటలు నాకు తెలుసు. సెయిలింగ్ కలిగినవారి ఆట, శిక్షణ పొందినవారి ఆట, దాన్ని తెచ్చి ఏజెన్సీ లాంచీకి కొలబద్దగా పెట్టడమేమిటని అడుగుతారు. పడవలు ఖరీదైనవే, ఒప్పుకుంటాను. కానీ నేను అరువు అడుగుతున్నది పడవల్ని కాదు, అలవాట్లని. జాకెట్ బిగించడానికి, పేర్లు రాయడానికి, బయటికి దారి ఎటో చూపించడానికి కలిమి అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ మీద యాట్ క్లబ్ తీర్చిదిద్దిన పిల్లల్లో ప్రభుత్వ బడుల నుంచి, పేద కుటుంబాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వాళ్లకు వచ్చిన అలవాటు మనకు ఎందుకు రాదు? ఇంకొందరు సరంగుల అనుభవాన్ని చూపిస్తారు: పుట్టి పెరిగిన నది, సుడి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలరని. ఆ జ్ఞానం మీద నాకు గౌరవం ఉంది, అది ఏ కోర్సులోనూ దొరకదు. కానీ అనుభవం సరంగుది, ప్రాణాలు ప్రయాణికులవి. పైగా నీటితో అనుభవం పెరిగినకొద్దీ జాగ్రత్త పెరగాలని నేర్పేది సముద్రమే. 2017, 18లో తారిణి నౌక మీద ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఉగ్ర సముద్రాల్లో తెరచాప నౌక నడిపేవారు ఎంత ఆరితేరినా డెక్ మీదికొచ్చే ముందు ఒంటికి రక్షణ తాడు తగిలించుకుంటారు. నేర్పు ఉన్నవారే అలా చేస్తుంటే, ఈత కూడా రాని మనం జాకెట్‌ను చిన్నతనంగా ఎందుకు చూడాలి?

ఎండ సంగతి నిజమైన ఇబ్బంది. మన ఉక్కలో మందపాటి జాకెట్ తొడుక్కుని నాలుగైదు గంటలు కూర్చోమంటే ఎవరైనా విప్పేస్తారు. దీనికి జవాబు విప్పడానికి వీలివ్వడం కాదు. భుజాలు, చేతులు ఆడేలా పలచగా కుట్టిన జాకెట్లు ఉన్నాయి. ఇదే ఎండలో పిల్లలు అవి తొడుక్కునే సెయిలింగ్ చేస్తున్నారు. పిల్లలకు పిల్లల సైజు కొనాలి, నీడ పెంచాలి, భోజనానికి బోటును ఒడ్డున ఆపాలి. బోట్లు ఆపితే ఉపాధి పోతుందన్న మాటకూ జవాబుంది. కచ్చులూరు తర్వాత పాపికొండల బోట్లు ఏడాదికి పైగా ఆగిపోయాయి. ఒక్క పూట ఆగనందుకు, తప్పు చెయ్యని బోట్లవాళ్లు కూడా నెలల తరబడి పస్తులున్నారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 9 చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. దేశం మొత్తానికి 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెస్సెల్స్ చట్టం వచ్చింది. ఇవి మంచి అడుగులు. వీటికి ఇంకొక్కటి జతచెయ్యాలి: గాలి, వరద ఇంత దాటితే బోట్లు కదలవన్న గీతను రేవులో అందరికీ కనిపించేలా రాసి పెట్టాలి. ఆ రోజున ప్రయాణికుడికి టికెట్ డబ్బు మొత్తం వెనక్కి రావాలి, సరంగుకు, కళాసీలకు కూలి దక్కాలి. టికెట్ మీద కొద్ది రూపాయలు పక్కన పెట్టి నిధిగా కూడబెడితే ఇది అసాధ్యమేమీ కాదు.

ప్రభుత్వం చేసేలోపు మనం చెయ్యగలిగేదీ ఉంది. ఈసారి బోటెక్కేటప్పుడు జాకెట్ అడగండి, పక్కవారి పట్టీ లాగి చూడండి, బయటికి దారి ఎటో కనుక్కోండి, జనం ఎక్కువైతే దిగిపోండి. సరంగు ఈరోజు వద్దంటే అతనితో వాదించకండి, అతనికి నమస్కారం పెట్టండి. మన సెలవును పాడుచేసినవాడు కాదతను, మనల్ని ఇంటికి పంపినవాడు. హుస్సేన్‌సాగర్ మీద రేపు కూడా పడవలు తిరగబడతాయి, పిల్లలు నీళ్లు తోడి మళ్లీ తెరచాప నిలబెడతారు, పత్రికలు ఆ సంగతి రాయవు. గోదావరి మీద, కృష్ణ మీద కూడా పడవ ఒరిగినా ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది వార్త కాకుండా పోయే రోజు రావాలని నా కోరిక. ఆ రోజు రావడమా మానడమా అన్నది తేలాల్సింది నది నడుమ కాదు, గట్టు మీదే.